బుగ్గల్లో జెల్, చేతిలో నలుగుపిండి

కంకిపాడులో ఎవరింట్లో శుభకార్యం జరిగినా మాణిక్యాన్ని పలకరించే తీరు ఒకటే. "ఏంటొదినా, ఇలా చిక్కిపోయావు? షుగరేమైనా పట్టుకుందా?" పట్టుకోలేదని రిపోర్టులు చూపించినా నమ్మే నాథుడు లేడు. బుగ్గలు లోపలికి పోయిన మనిషి జబ్బు లేదంటే చుట్టాలకు అదో అన్యాయంలా ఉండేది.

కూతురు కీర్తన పెళ్లి కుదిరింది. ఈసారి మాత్రం ఆ ప్రశ్న వినకూడదని మాణిక్యం గట్టిగా అనుకుంది. దుర్గమ్మ గుడికని భర్త బసవయ్యకు చెప్పి, బెజవాడ బస్సెక్కి, ఒక స్కిన్ క్లినిక్‌లో తేలింది.

డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. "ఫిల్లరంటే జెల్ అండీ. సూదితో చర్మం కింద పెడతాం, గుంటలు నిండుతాయి. శాశ్వతం కాదు, ఏడాది అటూ ఇటూగా కరిగిపోతుంది. నచ్చకపోతే ఇంకో ఇంజెక్షన్‌తో ముందే కరిగించొచ్చు. కొన్నాళ్లు వాపు ఉండొచ్చు. రెండు వారాలు మాత్రం బుగ్గలు నొక్కకూడదు, రుద్దకూడదు. ఈలోగా ఫంక్షన్లేమైనా ఉన్నాయా?"

"పెళ్లి వచ్చే నెలండీ. ఈలోగా ఏం లేవు."

ఫంక్షనంటే మండపం, మైకు, వీడియో ఉండాలని మాణిక్యం లెక్క. మంచిరోజని ఆ శుక్రవారమే పెట్టుకున్న నలుగు ఫంక్షనెలా అవుతుంది? పైగా అది పిల్లకు కదా!

వాళ్లింట్లో ముందు తల్లిదండ్రులకు పెట్టాకే పిల్లకు పెడతారని, శుక్రవారం ఆడపడుచు రావమ్మ పీట చూపించాక గానీ మాణిక్యానికి గుర్తు రాలేదు. రావమ్మ చేతికి ముఖం దొరికితే మకిలి పట్టిన ఇత్తడి బిందె దొరికినట్టే.

"కదలకే," అంటూ రావమ్మ పిండిముద్దతో మీదికొచ్చింది.

మాణిక్యం తల వెనక్కి లాక్కుంది. చెబితే పరువు పోతుంది. చెప్పకపోతే బుగ్గ గడ్డం దాకా జారుతుందేమో! రావమ్మ వేళ్లు దగ్గరపడేసరికి పరువే ఓడిపోయింది.

"ఆగొదినా! బుగ్గల్లో సూదులు వేయించుకున్నా. లోపల జెల్ ఉంది. రుద్దితే పక్కకి జరుగుద్దంట!"

నలుగు పాట ఆగిపోయింది. పక్క పీట మీద నూనె కారుతున్న ముఖంతో బసవయ్య తిరిగి చూశాడు. "గుడికన్నావ్?"

"నువ్వూరుకోరా," అంది రావమ్మ.

ఆడవాళ్లంతా వంగి మాణిక్యం ముఖంలోకి చూశారు. జబ్బు వెతకడానికి తప్ప ఇన్నేళ్లలో ఆ ముఖాన్ని ఎవరూ అంతసేపు చూసెరగరు.

"బాగానే ఉందే!" అంది తోడికోడలు అమలమ్మ, కాస్త నిరాశగానే. "ఏవే, నాకీ నోటి పక్క గీతలు కూడా పోతాయంటావా?"

"డాక్టరమ్మనడగాలక్కా. అందరికీ పడదంట," అంది మాణిక్యం, తనే సూదులు వేసే మనిషిలాగా. షుగరు మాట ఎవరూ ఎత్తలేదు.

రావమ్మ చేతిలో ముద్ద అలాగే ఉంది. పెట్టకుండా లేపితే అశుభం. పెడితే జెల్. ఆలోచించి, మాణిక్యం గడ్డం కింద తాకీ తాకనట్టు ఓ చుక్క పెట్టింది. మిగతా ముద్దంతా పట్టుకుని తమ్ముడి వైపు తిరిగింది.

"నువ్వేం వేయించుకోలేదుగా?"

లేదని తలూపడమే బసవయ్య చేసిన తప్పు.