ముక్కు మీద దెబ్బ

మా కొండ పార్కుకి ఏడాది పొడవునా జనమే. చలికాలం మంచు మీద జారడానికొస్తారు, ఎండాకాలం కొండ నడకకొస్తారు. పచ్చికబయలు మొదట్లో బోర్డు పెట్టాం: దూడలున్న ఆవులున్నాయి, కుక్కలతో వచ్చేవాళ్లు పైదారిన చుట్టు తిరిగి వెళ్లండి అని. పట్నంవాళ్లు గొణుక్కుంటూనైనా వింటారు. వినని మనిషి మా అత్తయ్య ఒక్కతే.

నోట్‌బుర్గా ఆవిడ పేరు, మా ఆయన తల్లి. నలభై వేసవులు ఈ కొండ మీద పశువుల్ని కాసి, పోయినేడు మందని నాకప్పగించి లోయలో ఇంటిపట్టున కూర్చుంది. కూర్చున్నది ఒళ్లే, నోరు కాదు. తోచక ఒక పొట్టికాళ్ల కుక్కని తెచ్చుకుని వాస్టెల్ అని పేరు పెట్టుకుంది.

ఆ జూలై ఉదయం నేను గుడిసె ముందు నీళ్లతొట్టి కడుగుతుంటే గేటు చప్పుడైంది. చూస్తే ఆవిడే. కుడిచేత్తో చేతికర్ర పట్టుకుని, వాస్టెల్ పట్టీని ఎడమ మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని మంద మధ్యలోంచి తిన్నగా వస్తోంది.

"అత్తయ్యా, వెనక్కెళ్లండి! కుక్కుంది!"

"కుక్కుందని నాకు తెలీదా? నా ఆవులు నన్నేం చేస్తాయే, అఫ్రా! సెంటాని ఈ చేతుల్తో లాగి పుట్టించాను!"

సెంటా పక్కన నాలుగురోజుల దూడ పడుకుని ఉంది. సెంటా చూస్తున్నది అత్తయ్యని కాదు, కుక్కని. తల దించి ముందుకాలితో నేల గీరింది.

"కుక్కని వదిలేయండి! అది పరిగెత్తి తప్పించుకుంటుంది!"

వాస్టెల్ మొరిగింది. అంతే, సెంటా వచ్చి పడింది. ఆరువందల కిలోల ఆవు అంత వేగంగా వస్తుందంటే చూడనివాళ్లు నమ్మరు. అత్తయ్య వెల్లకిలా పడింది. కుక్క ఆవిడ చంకలో దూరింది. పట్టీ మణికట్టుకి బిగుసుకుపోయింది. ఇక కుక్కని వదలాలన్నా వీలు కాదు.

పారకర్ర అందుకుని పరిగెత్తాను. పదకొండేళ్లు ఆ నోటికి దడిసి బతికినదాన్ని, ఆ నోరు మూగబోతుందేమోనని ఏడుస్తూ పరిగెత్తాను. సెంటా రెండోసారి తల దించుతుండగా ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

"వీపు చూపించకు." కిందనుంచి అత్తయ్య గొంతు సన్నగా వినపడింది. "ముక్కు మీద కొట్టు. గట్టిగా. ఒక్కటే."

కొట్టాను. భుజాల దాకా చేతులు తిమ్మిరెక్కాయి. సెంటా ఆగి తల విదిలించింది. దాని మీదనుంచి చూపు తిప్పకుండా ఒంగి, ఎడంచేత్తో తడుముతూ పట్టీ విప్పడం మొదలుపెట్టాను. ఒక చుట్టు ఊడింది. రెండోది చిక్కుపడింది. ఆవు ఊపిరి వేడిగా నా మొహానికి కొడుతోంది. వేలిగోరు విరిగితే విరిగిందని లాగాను.

పట్టీ జారగానే వాస్టెల్ ఆ పొట్టికాళ్లతోనే పరిగెత్తి కంచె కిందనుంచి మాయమైంది. సెంటా కంచె దాకా తరిమి, వెనక్కి తిరిగి దూడ దగ్గరికి నడిచింది. ఏమీ జరగనట్టు దాన్ని నాకుతూ నిలబడింది.

అత్తయ్యని ఎలాగో గేటు అవతలికి చేర్చాను. పక్కటెముకలు పట్టుకుని ఊపిరి కోసం అవస్థ పడుతోంది. రక్షణ దళం హెలికాప్టర్ కోసం ఫోన్ చేశాను. వస్తున్నామన్నారు. అప్పుడు కనిపించింది, ఆవిడ కుడిచేతిలో చేతికర్ర ఇంకా అలాగే ఉంది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ముక్కు మీద కొట్టాలని మీకు తెలుసు! కర్ర చేతిలోనే ఉంది! మీరెందుకు కొట్టలేదు?"

ఆవిడ దూడని నాకుతున్న సెంటా వైపే చూస్తోంది.

"ఎత్తానే," అంది. "దాని మొహం చూసి దించేశాను."