చీటీ లేని గాజు బాబిన్లు

మా మంగళవారం లేసు గుంపులో గాజు బాబిన్లతో నిజంగా పని చేసేదాన్ని నేనొక్కదాన్నే. మిగతావాళ్లు గాజువి కొనుక్కుంటారు, మెత్తటి గుడ్డతో తుడుచుకుంటారు, మళ్లీ సొరుగులో పెట్టేసుకుంటారు. పనికి మాత్రం కర్రవో ఎముకవో తీస్తారు. అదేమంటే "పగిలితేనో" అంటారు. పగిలితే పగులుతుంది. అన్నీ ఏదో ఒకనాడు పగిలేవే. మంచి పళ్లెం కొని, అందులో తినకుండా గోడకి తగిలించుకునేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

మా బెరిల్ సరిగ్గా అలాంటి మనిషే. బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్న దగ్గర్నుంచీ నాకు స్నేహితురాలు. ఇప్పుడిద్దరికీ అరవై రెండు. ఆవిడ ముందుగదిలో వెడల్పాటి సొరుగొకటుంది, లోపల పచ్చ బనాతు పరిచి ఉంటుంది. దాని మీద మూడొందల బాబిన్లు పసిపిల్లల్లా పక్కపక్కన పడుకుని ఉంటాయి. ప్రతిదాని మెడకీ ఒక బుల్లి కాగితం చీటీ. దాని మీద ఇచ్చినవాళ్ల పేరు, ఇచ్చిన తేదీ. ఆవిడ చేతికి బాబిన్ వచ్చాక గంటలోపల చీటీ పడాల్సిందే. చీటీ పడిందంటే ఇక అది బెరిల్ సొంతం, దేవుడొచ్చి అడిగినా ఇవ్వదు.

గాజు బాబిన్ అంటే నాకెందుకు ఇష్టమంటే, అది పలుకుతుంది. కర్రది మూగది. గడ్డి కూరిన దిండు మీద గుండుసూదులు గుచ్చుకుని, దారం చుట్టిన చూపుడువేలంత బాబిన్లని ఒకదాని మీదుగా ఒకటి దాటిస్తూ పోతాం కదా, గాజువైతే దాటినప్పుడల్లా కింది కొసనున్న పూసలగుత్తి ఊగి 'టింగ్' మంటుంది. దాటుకొకటే టింగ్. వంటింట్లోంచి వింటూ మా ఆయన క్లెమ్ "ఇవాళ మంచి జోరు మీదున్నావే" అనేవాడు.

ఆగస్టులో ఆ చప్పుడు మారింది. టింగ్ పోయి టిక్‌టిక్‌టిక్ వచ్చింది, చలికి పళ్లు కొట్టుకున్నట్టు. చేతులకేసి చూసుకున్నాను. వణుకుతున్నాయి.

మా అమ్మకీ ఇలాగే అయింది. యాభై ఎనిమిదో ఏట మొదలైంది, పార్కిన్‌సన్స్ అన్నారు. మొదట గాజువి పక్కన పెట్టింది, తర్వాత దారం మార్చి లావుది పెట్టుకుంది, చివరికి దిండు ముందు ఊరికే కూర్చుని చూసేది. ఒకరోజు మా నాన్న ఆ దిండుని మేడ మీదకి తీసుకుపోయాడు. ఆవిడ పోయాక ఆ బాబిన్లు ఎవరెవరో చుట్టాలు ఏరుకుపోయారు. నేను అడ్డుపడలేకపోయాను.

అందుకే ఎవరికీ చెప్పలేదు. క్లెమ్‌కి అసలే చెప్పలేదు. దిండు మీంచి గాజువి తీసేసి కర్రవి పెట్టాను, వణికినా వినబడకుండా. నా గాజువాటిని మాత్రం చుట్టాలపాలు చేయదలచుకోలేదు, చేతులు చెప్పినమాట వింటున్నప్పుడే నా చేత్తో ఇచ్చేయాలనుకున్నాను. పుట్టినరోజని ఒకరికి, మా పిల్లికి నాలుగు రోజులు పాలు పోసినందుకు మా గుంపులోని మ్యూరియల్‌కి రెండు, ఏమీ కారణం దొరక్కపోతే ఊరికే. అన్నిటికన్నా మంచిదాన్ని, నీలం గాజులో తెల్లటి తీగ మెలికలు తిరిగినదాన్ని, బెరిల్‌కిచ్చాను. పదేళ్లుగా దానిమీద కన్నేసి ఉంది మరి.

బెరిల్ దాన్ని వెలుగుకి పెట్టి చూసింది. తర్వాత నన్ను చూసింది.

"ఏంటే థిర్జా, గుండుసూది అప్పడిగితే పదిసార్లు గుర్తుచేసే మనిషివి. చేతికి ఎముక లేకుండా పోయిందేం ఇవాళ?"

"ఇష్టమైతే తీసుకో, లేకపోతే ఇటివ్వు."

ఇవ్వలేదు, లోపల పెట్టుకుంది. నేను ఇంటికొచ్చి కాసేపు ఏడ్చాను. మూడు నెలల్లో ఇరవై రెండు ఇచ్చేశాను. పోయే మనిషిననుకున్నారో ఏమో, గుంపులో అందరూ నాతో మెత్తగా మాట్లాడుతున్నారు. ఇవ్వలేక ఒక్క ఎర్ర జత మాత్రం మిగుల్చుకున్నాను.

నవంబరు మొదట్లో క్లెమ్ పట్టేశాడు. మనిషి పెరటి మూలనున్న ఉల్లికాడల మడి తప్ప ఏమీ పట్టించుకోడనుకుంటాం గానీ, అన్నీ చూస్తుంటాడు. "నీ గాజు బాబిన్ల జాడీ ఖాళీ అయిపోతోందేం?" అన్నాడు. ఇక దాచలేక చెప్పేశాను.

"పొద్దున టీ పోశావు. సాసర్లో చుక్క పడలేదు," అన్నాడు.

"అది లేసు దగ్గర్నుంచే మొదలవుతుంది. అమ్మకీ అంతే."

"మీ అమ్మ సంగతి సరే. రేపు డాక్టరు దగ్గరికి పోతున్నాం."

డాక్టర్ పార్జిటర్ చిన్న వయసు అమ్మాయి. అమ్మ సంగతంతా విని, చేతులు చాపమంది, వాటి మీద కాగితం పెట్టింది, గదిలో అటూ ఇటూ నడిపించింది, బొత్తాలు పెట్టించింది. సిగ్గులేని చేతులు, రాయిలా కదలకుండా ఉన్నాయి. కోర్టులో నా సాక్షే నాకు ఎదురుతిరిగినట్టయింది.

"మరి వణికేది ఎప్పుడండీ?"

"దిండు ముందు కూర్చున్నప్పుడే, డాక్టర్ గారూ."

"అయితే ఆ దిండే తెప్పించండి."

ఇల్లు రెండు వీధుల అవతలే. క్లెమ్ కారులో పోయి, దిండుని చంటిపిల్లలా రెండు చేతులతో ఎత్తుకుని వచ్చాడు. బయట కూర్చున్న రోగులందరూ తలలెత్తి చూశారట. దాన్ని ఆవిడ బల్ల మీద పెట్టి, కర్ర బాబిన్ల మధ్యలోకి నా ఎర్ర జత చేర్చాను. కూర్చునే ముందు అలవాటు ప్రకారం సంచీలోంచి ఇన్‌హేలర్ గొట్టం తీసి నాలుగు దమ్ములు పీల్చాను. పని మొదలుపెట్టాను. రెండు వరసలు బాగానే సాగాయి. మూడో వరసలో వచ్చింది టిక్‌టిక్‌టిక్.

"విన్నారా?" అన్నాను. గెలిచినదానిలా అన్నాను.

ఆవిడ నా చేతులు చూడట్లేదు. సంచీ చూస్తోంది.

"ఇందాక పీల్చింది ఏంటి?"

"జులైలో ఇచ్చారు కదండీ, ఆయాసానికి. దిండులో గడ్డి దుమ్ముకి దగ్గొస్తుంది. దగ్గితే దారాలు చిక్కుపడతాయి, అందుకని ముందే పీల్చేసుకుంటాను."

"ఎన్నిసార్లు?"

"నాలుగు. పెద్ద లేసు ముక్కయితే ఆరు. మధ్యలో మళ్లీ నాలుగు."

ఆవిడ కలం కింద పెట్టేసింది. "అవసరమైతే ఒకటో రెండో అని రాసి ఉంటుందండీ దాని మీద. మోతాదు మించితే చేతులు వణుకుతాయి. గుండె దడగా కూడా ఉంటోందా?"

"ఉంటోంది. భయానికనుకున్నాను."

"మీ అమ్మగారి చేతులు ఎప్పుడు వణికేవి? పని చేస్తున్నప్పుడా, ఊరికే ఉన్నప్పుడా?"

అలా ఎవరూ అడగలేదు నన్ను. గుర్తు తెచ్చుకున్నాను. అమ్మ చేతులు ఒళ్లో పెట్టుకున్నప్పుడే ఎక్కువ ఆడేవి. కప్పు కోసం చాపినప్పుడు కాస్త నిలబడేవి.

"ఇప్పుడు మీ చేతులు ఒళ్లో పెట్టుకోండి," అంది డాక్టరు.

పెట్టుకున్నాను. పడుకున్న పిల్లుల్లా కదలకుండా ఉన్నాయి రెండూ.

"మీ అమ్మగారి జబ్బు ఆనవాలు ఒక్కటి కూడా మీలో కనబడట్లేదు. ఈ మందు తగ్గించండి, ఆ గడ్డి దిండు మార్చండి, రెండు వారాలయ్యాక మళ్లీ రండి."

క్లెమ్ దిండుని కారు వెనక సీట్లో పెట్టి దానికి బెల్టు కూడా వేశాడు. గేటు దగ్గర ఇంజన్ ఆపి, "మూడు నెలలు గడ్డికి భయపడ్డావన్నమాట," అన్నాడు. నవ్వుదామనుకున్నట్టున్నాడు, కానీ కళ్లు తుడుచుకున్నాడు. నేనైతే గట్టిగానే ఏడ్చాను. అంత హాయిగా ఎప్పుడూ ఏడవలేదు.

రెండు వారాలు గొట్టం ముట్టుకోకుండానే గడిచాయి. లోపల ఉన్ని కూరిన దిండు తెచ్చుకున్నాను. ఎర్ర జత దాటుకొక టింగ్ అంది. డాక్టరు మళ్లీ చూసి, ఇక ఈ విషయం మర్చిపొమ్మంది.

మర్చిపోవచ్చు గానీ, నా ఇరవై రెండు బాబిన్ల సంగతో? చేతులారా ఇచ్చినవాటిని ఏ మొహంతో అడగడం? బెరిల్ దగ్గరున్న నీలందాని మీదైతే ఆశ పూర్తిగా వదులుకున్నాను. చీటీ పడి ఈపాటికి మూడు నెలలు.

ఇరవై అయిదున కాటర్న్ పండగ, మా లేసువాళ్ల పండగ. ఈసారి అందరం బెరిల్ ఇంట్లో కలవాలి. సోపుగింజల రొట్టెలు కాల్చుకుని, అందరికన్నా ముందే వెళ్లాను. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. వంటింటి గడప దాటేసరికి అన్నీ ఎగిరిపోయాయి.

"బెరిల్, నేను చచ్చిపోవట్లేదు," అన్నాను.

బెరిల్ కెటిల్ దించింది. "చస్తావని ఎవరన్నారు?"

"మీరంతా అనుకున్నారు కదా."

"అనుకున్నాం. నీ అంత్యక్రియలకని మ్యూరియల్ నల్లకోటు ఉతకడానికి కూడా ఇచ్చింది."

అప్పుడు మొత్తం చెప్పాను. అమ్మ, దిండు, డాక్టరు, గొట్టం. బెరిల్ కిటికీ వైపు తిరిగి నిలబడి వింది.

"అయితే గడ్డి దుమ్మన్నమాట," అంది చివరికి.

"గడ్డి దుమ్మే."

"ఇంతకన్నా తెలివితక్కువ ముసలిదాన్ని నేనెక్కడా చూడలేదు. రా ఇటు."

ముందుగదిలోకి తీసుకుపోయి సొరుగు లాగింది. పచ్చ బనాతు మీద ఒక మూలగా నా గాజువన్నీ ఉన్నాయి. నేను ఎవరెవరికో ఇచ్చినవి కూడా. నీలంది మధ్యలో ఉంది.

"ఒక్కొక్కరూ తెచ్చి నా దగ్గరే పెట్టారు. ఇరవై ఒకటి. మ్యూరియల్ ఒకటి పగలగొట్టింది. నెల రోజులుగా నీకు ఎదురుపడకుండా తప్పించుకు తిరుగుతోంది, నువ్వేమో ఒంట్లో బాగోలేదు కాబట్టి జాలి పడుతోందనుకుని ఉంటావు."

నిజంగా అలాగే అనుకున్నాను. అప్పుడు చూశాను, చుట్టూ ఉన్న మూడొందలకీ మెడలో చీటీలున్నాయి. నావాటికి లేవు. నీలందానికి కూడా లేదు.

"చీటీలేవే?" అన్నాను.

బెరిల్ నీలందాన్ని తీసి, గీత ఏదైనా పడిందేమో అన్నట్టు గోటితో రుద్దింది. ఏ గీతా లేదు.

"ఇచ్చినవాళ్ల పేరు రాసి తేదీ వేయాలి కదా," అంది. "మూడుసార్లు కలం పట్టుకున్నానే. చెయ్యి రాలేదు."

బాబిన్ నా అరచేతిలో పెట్టి, తన దిండు ముందున్న కుర్చీ నాకు లాగింది. అది గడ్డి దిండు. నేను కూర్చుని, నీలందానికి దారం చుట్టి, దాటించాను. రెండో వరసలోనే దగ్గొచ్చి దారాలన్నీ చిక్కుపడ్డాయి. ఇద్దరం కూర్చుని విప్పుకున్నాం.