ఇంజనీరమ్మ భోజనానికొచ్చిన రోజు

“మొగుణ్ణి కాస్త కనిపెట్టుకోని ఉండుమే. ఆ వచ్చే ఇంజనీరమ్మకు ఇంగా పెండ్లి కాలేదంట,” అంది ఖాతూన్‌బీ, పులావుకు ఉల్లిపాయలు తరుగుతున్న కోడలి పక్కకు పీట జరుపుకుంటూ.

మసరత్ కళ్లు తుడుచుకుంది. ఉల్లిపాయల పుణ్యమా అని ఎందుకని అడిగేవాళ్లు లేరు. అత్త అనుమానం సగం నిజమే. అసూయ ఉంది. కానీ అది షోయబ్ గురించి కాదు. మొగుణ్ణి ఎవరైనా ఎత్తుకుపోతారేమోనన్న బెంగ ఆమెకు ఏనాడూ లేదు. తన సాక్సులు ఏ అరలో ఉంటాయో తెలియని మనిషిని ఎత్తుకుపోయి ఎవరు మాత్రం ఏం చేసుకుంటారు?

వస్తున్నది పులివెందుల స్వర్ణలత. కడపలో మసరత్‌తో కలిసి ఎమ్మెస్సీ చదివింది. ప్రాజెక్టు కూడా ఇద్దరిదీ ఒకటే, ఫ్లోరైడ్ నీళ్లను శుభ్రం చేసే పలచని పొర. ద్రావణాన్ని గాజు పలక మీద పోసి చెయ్యి వణక్కుండా పరచాలి. స్వర్ణలత పోస్తే చిల్లులు పడేవి. “నీకా చెయ్యి యాడ దొరికిందిమే?” అని ఏడుపు మొహం పెట్టేది. ఇప్పుడు ఆ చిల్లుల పిల్లే హైదరాబాదు పరిశోధన సంస్థ తరఫున, నార్వే వాళ్లతో కలిసి, జమ్మలమడుగు దారిలోని సిమెంటు ఫ్యాక్టరీకి వచ్చింది. ఫ్యాక్టరీలో పని గనక ఈ ఇంట్లో అందరికీ ఆమె ఇంజనీరమ్మే. బట్టీ పొగలోంచి కార్బన్ డయాక్సైడును వేరుచేసి పట్టే పొరలను అక్కడ బిగించి పరీక్షిస్తున్నారు.

షోయబ్ ఆ బట్టీ దగ్గరే ఇంజనీరు. కొన్నాళ్లుగా ఇంట్లో ఇదే పారాయణం. “ఈ పొర పంజేసిందంటే దేశాలన్నీ మన ప్రొద్దుటూరు దిక్కే చూస్తాయి. నీకు చెప్పినా అర్థం కాదులే,” అనేవాడు ఆమె వేసిన దోశ తుంచుకుంటూ. అర్థం కాదట! పొరలోంచి ఒక వాయువు ముందు దూరితే ఇంకోటి ఎందుకు వెనకబడుతుందో క్లాసు మొత్తానికీ బోర్డు మీద రాసి చెప్పిన మనిషి ఆమె. పెళ్లిచూపుల్లో షోయబ్ వాళ్ల తరఫు పెద్దాయన “ఎమ్మెస్సీ అయితే మంచిదేలే, రేపు పిల్లోళ్లకు ట్యూషన్ ఖర్చు తప్పుతాది” అంటే అందరూ నవ్వారు. సిగ్గు లేకుండా తనూ నవ్వింది.

మధ్యాహ్నం జీపు వచ్చి ఆగింది. ఇద్దరు నార్వే మనుషులు దిగారు, వెనకే స్వర్ణలత. ఆదివారం కూడా పనిలోంచే వచ్చినట్టుంది. చొక్కా చేతులకు సిమెంటు దుమ్ము, నుదుటి మీద హెల్మెట్ ఒత్తిన ఎర్రటి గీత. ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో ఏ హారాన్నీ మసరత్ అంత ఆశగా చూసి ఎరగదు.

ఆ ఇంట్లో మగవాళ్లకు ముందు గదిలో, ఆడవాళ్లకు లోపల దస్తర్‌ఖాన్ గుడ్డ పరిచి భోజనం పెడతారు. పాపను నిద్రపుచ్చి, లోపలి గుడ్డ మీద మసరత్ రెండు పళ్లాలు పెట్టుకుంది, తిండి నెపంతోనైనా స్నేహితురాలితో కాసేపు మాట్లాడొచ్చని.

“ఆయమ్మను లోపలికి పంపుతే యెట్లమ్మా? ఇంజనీరు గదా, ఈడనే కూచోనీ,” అన్నాడు షోయబ్.

“ఔలేప్పా, ఉద్యోగం చేసేటామె,” అని ఖాతూన్‌బీ తలూపింది.

అంతే! ఇన్నేళ్ల కట్టుబాటు ఒక్క మాటకు పక్కకు తప్పుకుంది. తన కోసం ఒక్కనాడూ తప్పుకోని కట్టుబాటు. మసరత్‌కు ఒళ్లు మండిపోయింది. దాల్చా గిన్నె పట్టుకుని మొగుడి వెనక, దొరల వెనక, చివరికి స్వర్ణలత వెనక వంగి వడ్డించింది.

స్వర్ణలత ఆమె చెయ్యి పట్టుకుంది. “నీ మీద నాకు శానా కోపముండాదిమే. పొగ శాంపిళ్లు పరీక్షించే ల్యాబులో పనికి ఫస్టు నీ పేరే చెప్పినా. ఈళ్లు గూడా సరేనన్న్యారు. వద్దని యెందుకు చెప్పి పంపినావు?”

గరిటె ఆగింది. “నేనా?”

“నువ్వే. పాపను ఇడిసిపెట్టి రాలేవని, నీకు ఇంట్రస్టు గూడా పోయిందని షోయబన్న చెప్పలా?”

షోయబ్ ఎముక మీది కండతో కుస్తీ పడుతున్నాడు. “అంటే... పాప చిన్నది. అమ్మకు సూస్తే మోకాళ్ల నొప్పులు. అడిగినా నువ్వు అదే అంటావని...”

“మధ్యలో నా మోకాళ్లు యాడికొచ్చినాయిరా?” అంది ఖాతూన్‌బీ గడపలోంచి.

మసరత్ గిన్నె కింద పెట్టింది. “ఆ పని ఎవరికన్నా ఇచ్చేసినారా?”

“ఇంగా లేదు. రేపు నంద్యాల నుంచి ఒకామె వస్తాంది, ఇంటర్వ్యూకు.”

“ఇద్దరొస్తాండారని చెప్పు.”

జీపు వెళ్లిపోయాక షోయబ్ వంటింట్లోకి వచ్చాడు. “బయటోళ్ల ముందర పరువు తీసినావు. ఆయమ్మను సూసి కుళ్లు నీకు.”

కాదంటుందనుకున్నాడు.

“ఔ, కుళ్లే. పొద్దున్నుంచీ ఆమె మీదే అనుకున్న్యా,” అంది మసరత్, అతని కళ్లలోకి చూస్తూ. “కాదు, నీ మీద. నన్ను ఒక్క మాట అడక్కుండా నాకొచ్చిన పని వద్దని చెప్పేంత హక్కు నీకుండాది. అంత హక్కు నా మీద నాకు యెప్పుడన్నా ఉండెనా?”

అతను నీళ్ల గ్లాసు కోసం ఏదో అర తెరిచాడు. అందులో గ్లాసులు లేవు.

“రేపు నువ్వెక్కే ఫ్యాక్టరీ బస్సే నేనూ ఎక్కుతా. టిఫిన్ డబ్బా మాత్రం ఎవరిది వాళ్లం కట్టుకుందాం.”