నంబరు లేని ఇళ్లు

బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగిన ఏడాది సంగతి ఇది. నేను ఒక పాత కంప్యూటర్‌ని. ఎక్కడో బిగించారు, ఎవరో అమ్మారు. మొదట ఒక చిన్న బడిలో మూడేళ్లున్నాను. నా చదువు అంతే. తర్వాత నన్ను బెజవాడ పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీకి తెచ్చి, ల్యాబులో కిటికీ పక్కన పెట్టారు. ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. ఈ ఒక్కటి మాత్రం చెప్పాలి.

కెజియా అనే పిల్ల నా దగ్గరే కూర్చునేది. వరదలో వాళ్లింటిల్లపాదీ మూడు రోజులు పక్కింటి డాబా మీద ఉన్నారు. మళ్లీ నీళ్లొస్తే ఏ ఇంట్లో ఎంతమంది ఉన్నారో పడవలవాళ్లకు ఫోనులో కనపడాలని ప్రోగ్రాం మొదలుపెట్టింది. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకొచ్చింది. మూడు నెలలు నా మీటలు అరగదీసింది.

అప్పుడే కాలేజీలోకి ఒక కంపెనీ సాఫ్ట్‌వేర్ వచ్చింది. అడిగితే చాలు, కోడ్ అదే రాసిపెడుతుంది. పిల్లలు చదవకుండానే సరే అని నొక్కేవాళ్లు. కెజియా కూడా ఒకసారి తన జాబితా శుభ్రం చేయమని అడిగి, అలాగే నొక్కింది. వారం తర్వాత వాళ్ల అమ్మమ్మ సంతోషమ్మ పేరు కొట్టి చూస్తే రాలేదు. కాలవగట్టు గుడిసెలకు డోరు నంబర్లు లేవు. నంబరు లేనివన్నీ అది తీసి పారేసింది. నలభై ఒక్క ఇళ్లు.

శుక్రవారం కంపెనీవాళ్లు మా ల్యాబుకు వచ్చారు. పిల్లలు తమ అనుభవాలు చెప్పాలట. బాగుందని చెప్పి కూర్చోమని, ఇంటర్న్‌షిప్‌లు వాళ్ల చేతిలో ఉన్నాయని ల్యాబు చూసే శేషగిరి సార్ ముందే చెప్పి ఉంచాడు. చక్రధర్ అనే పిల్లాడు లేచి, "మా నాన్నకంటే ఇదే నయం సార్, వందసార్లు అడిగినా విసుక్కోదు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

కెజియా వంతు వచ్చింది. జరిగింది జరిగినట్టు చెప్పింది. చదవకుండా నొక్కడం తన తప్పేనని కూడా చెప్పింది.

కంపెనీ ఆయన చేతిలో టీ కప్పు దించలేదు. "ఖాళీలున్న వరసలు తీసేయడం పద్ధతే కదమ్మా. నీ వివరాలే సగం ఉన్నాయి."

"ఇళ్లు పూర్తిగానే ఉన్నాయి సార్. మున్సిపాలిటీవాళ్లే వాటికి నంబర్లివ్వలా. రేపు పడవొస్తే మా అమ్మమ్మ ముందునుంచే ఆగకుండా పోద్ది."

"ఇక కూర్చోమ్మా" అన్నాడు శేషగిరి సార్. తర్వాతి పిల్లాణ్ణి పిలిచాడు.

సాయంత్రం శేషగిరి సార్ నివేదిక నా మీదే కొట్టాడు. విద్యార్థులందరూ సంతృప్తి వ్యక్తం చేశారని. అందరూనట. ఆ మాట నా తెర మీదే మెరుస్తుంటే నా ఒళ్లు మండిపోయింది. కెజియా చెప్పింది సార్‌కి వినపడలేదా? వినపడింది. నా పక్కనే నిలబడి విన్నాడు. అబద్ధం కొట్టేవాడి వేళ్లను ఆపే మీట నాకు ఎవరూ పెట్టలేదు.

మర్నాడు పొద్దున ల్యాబు తలుపు తీయగానే కెజియా వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ జోలికి పోలేదు. నోటుపుస్తకం తెరిచి, నంబరు ఉండాల్సిన చోట కుళాయి పక్కన, కిరసనాయిలు డిపో వెనక అని ఒక్కో గుడిసెనూ కొట్టడం మొదలుపెట్టింది. పది నిమిషాలకోసారి బిగుసుకుపోవడం నా అలవాటు. ఆ పూట నలభై ఒక్క ఇళ్లూ ఎక్కేదాకా నేను ఆగలేదు.