చలి అలవాటైన మనిషి

పెద్దబావగారికి ఆ ఊరి పేరు నోరు తిరగదు. సోమవారం ఒక రకంగా పలికితే బుధవారం ఇంకో రకంగా పలుకుతాడు, ఆదివారం నాటికి అది మూడో ఊరైపోతుంది. అయినా అందరినీ అక్కడికి తీసుకెళ్ళి తీరతానని భోజనాలబల్ల మీద మ్యాపు పరిచాడు. ఆ ఊరున్న కొస బల్ల దాటి కిందికి వేలాడుతుంటే, దాన్ని పైకెత్తి పట్టుకునే పని తమ్ముడికి అప్పజెప్పాడు.

"ఆర్కిటిక్! డిసెంబరులో! ఆకాశంలో పచ్చటి వెలుగులు నాట్యం చేస్తాయిరా. మా ఆఫీసులో ఇంతవరకు ఒక్కడు చూడలేదు."

అసలు సంగతంతా ఆ ఆఖరి మాటలో ఉంది. ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో మేనేజరు. పోయినేడు ఆయన కింది గుమాస్తా ఎవరో ఎడారికి వెళ్ళి, ఒంటె మీద ఫోటో దిగొచ్చి, బల్ల అద్దం కింద పెట్టుకున్నాడు. అప్పట్నించీ ఈయనకి కంటిమీద కునుకు లేదు. ఏసీ కాస్త తగ్గిస్తే తుమ్ములు మొదలయ్యే మనిషి, ఏకంగా ధ్రువానికే బయల్దేరాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరిందని పెద్దలు ఊరికే అనలేదు.

వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్నది తమ్ముడి భార్య. టీ కప్పుని పిడి దగ్గర కాకుండా రెండు అరచేతులతో పొదివి పట్టుకుంటుంది. పక్కవాళ్ళు "అమ్మో, కాలదూ?" అంటారు. కాలదు. పంతొమ్మిదేళ్ళుగా చేపలు, బఠాణీలు దాచే కోల్డ్ స్టోరేజీలో పని ఆవిడది. సున్నాకి ఇరవై రెండు డిగ్రీల కింద, అట్టపెట్టెల మీద తేదీలు చూసి, పాతవి ముందుకి, కొత్తవి వెనక్కి పేర్పించాలి. వేళ్ళ కొసలకి వేడి తెలియడం మానేసి ఎన్నో ఏళ్ళయింది. పెళ్ళయిన కొత్తలోనే బావగారు ఆవిడకి ఫ్రిజ్జమ్మ అని పేరు పెట్టి, ఆ జోకుకి తనే నవ్వుకున్నాడు. ఇప్పటికీ నవ్వుకుంటూనే ఉన్నాడు.

ఆ ఫ్రిజ్జమ్మకి లోకంలో కావలసింది ఒక్కటే. ఎండ. సెలవుపూట మేడెక్కి, నీళ్ళ ట్యాంకుకి ఆనుకుని, వీపు ఎండకి పెట్టి కూర్చుంటుంది. బస్సులో ఎనిమిది గంటలు ప్రయాణం చేస్తే ఒక సముద్రపుటొడ్డు ఉందని, అక్కడి ఇసుక చెప్పులోంచి కూడా కాళ్ళని కాలుస్తుందని తనతో పనిచేసే ఆవిడ చెప్పింది. ఆ ఇసుకలో పడుకోవడానికే మూడేళ్ళుగా ఒక్కో రోజూ మిగిల్చి పద్దెనిమిది సెలవులు కూడబెట్టింది. డిసెంబరు దాటితే అవన్నీ మురిగిపోతాయి.

"సెలవుల సంగతి దిగుల్లేదన్నయ్యా," అన్నాడు మ్యాపు పట్టుకున్న మొగుడు. "మా ఆవిడకి పద్దెనిమిదున్నాయి. అన్నీ దీనికే పెట్టేస్తుంది."

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు! ఫ్రిజ్జమ్మకి ఒళ్ళు మండింది. ఆ మనిషికి కళ్ళజోళ్ళ దుకాణం. పొద్దస్తమానం ఊరివాళ్ళందరికీ గోడమీద అక్షరాలు చూపించి చూపు సరిచేస్తాడు. ఇంట్లో మనిషి మాత్రం కనబడదు.

"నేను చలిలోకి రానండీ. ఎండలోకి పోదామనుకున్నాను," అంది.

"చలికి నువ్వు భయపడటమేమిటమ్మాయ్!" అని పకపకా నవ్వాడు బావగారు. "మేం భయపడాలి గానీ. నీకు అలవాటే కదా."

"అదేగా. నీకు అలవాటే కదా," అని వంత పాడాడు మొగుడు.

మర్నాటికి బావగారు యాత్ర పట్టిక అచ్చు వేయించి తెచ్చాడు. పైన ఆయన పేరు, పక్కన 'నాయకుడు' అని. ఉదయం ఆరింటికి సూర్యోదయ దర్శనం. ఏడింటికి మంచులో నడక. అన్నిటి పక్కనా ఎవరి పని వాళ్ళకి రాసి ఉంది. ఫ్రిజ్జమ్మ పేరు పక్కన సామాన్లు, టీ ఫ్లాస్కు, వంట, మళ్ళీ సామాన్లు.

పట్టికని మొదటిసారి పూర్తిగా చదివింది ఆయన భార్యే. ఎప్పుడూ నోరెత్తని తోడికోడలు, కళ్ళజోడు సవరించుకుని, ప్రయాణాల కంపెనీవాళ్ళిచ్చిన పుస్తకంలో ఒకచోట వేలు పెట్టి, "ఏవండీ, ఆ నెలంతా అక్కడ సూర్యుడు రాడని రాశారు," అంది.

"రాకపోతే ఎక్కడికి పోతాడు?"

"అసలు ఉదయించడటండీ. పగలంతా మసకగానే ఉంటుందట."

"అచ్చుతప్పయి ఉంటుంది," అన్నాడు బావగారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. అయినా మనసులో ఏమనుకున్నాడో, పెన్ను తీసి సూర్యోదయ దర్శనం పక్కన 'వీలును బట్టి' అని రాశాడు. సూర్యుడి వీలా, తన వీలా అన్నది రాయలేదు.

ఫ్రిజ్జమ్మ మాత్రం వేరే లెక్క వేసుకుంది. మూడేళ్ళు కూడబెట్టిన సెలవులు, ఎండ పొడ కూడా తగలని చోట, ఇంకొకళ్ళ పెట్టెలు మోస్తూ అయిపోతాయన్నమాట. ఆ పూట మేడెక్కి కూర్చుంది గానీ ఎండ వంటికి పట్టలేదు. ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా.

పదిరోజుల తర్వాత చలికోట్లు దిగాయి. బావగారి కోటు నారింజరంగుది, మోకాళ్ళ దాకా ఉంది. అది వేసుకుని అద్దం ముందు అటు తిరిగి ఇటు తిరిగి, "దీన్ని ముందే పరీక్షించాలి. మీ గోడౌను ఉందిగా అమ్మాయ్! అందరం ఓసారి రిహార్సల్ వేసుకుంటే పోలా?" అన్నాడు.

ఫ్రిజ్జమ్మ సూపర్వైజరుని అడిగింది. ఆయన పాతకాలపు మనిషి, మీసాల చాటున నవ్వుకుని, "కొత్తగా చేరేవాళ్ళకి ఇరవై నిమిషాల పరీక్ష పెడతాంగా, అలాగే అనుకుందాం. మధ్యాహ్నం లారీలు లేనప్పుడు తీసుకురా," అన్నాడు.

ఇంటికొచ్చి అందరికీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. "దారిలో కోట్లు వేసుకోకండి. సంచిలో పెట్టుకు రండి. మా దగ్గర ముందుగది ఉంటుంది, అక్కడ ఒళ్ళు పొడిగా తుడుచుకుని వేసుకోవాలి. చెమట పట్టిన ఒంటితో లోపలికెళితే ఆ చెమటే చంపుతుంది. మేజోళ్ళు ఒక్క జతే, అదీ వదులుగా."

"గోడౌను చలి వేరు, ఆర్కిటిక్ చలి వేరమ్మాయ్. అది సహజమైన చలి. నేను దాని మీద బోలెడు చదివాను," అన్నాడు బావగారు.

పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదు కదా! పంతొమ్మిదేళ్ళు చలి తిన్న మనిషి ఇంట్లోనే ఉంటే, ఈయన పుస్తకాల్లో వెతికాడు. ఫ్రిజ్జమ్మ చెప్పాల్సింది చెప్పింది, ఇక ఆయన ఖర్మ.

మిట్టమధ్యాహ్నం, తారు కరిగే ఎండలో, సిటీ బస్సు దిగాడు బావగారు. నారింజ కోటు మెడదాకా బిగించి ఉంది. దానికింద రెండు స్వెట్టర్లు, బిగుతు బూట్లలో మూడు జతల మేజోళ్ళు. మొహం ఉడికిన దుంపలా ఉంది, చుబుకం నుంచి చెమట ధారకట్టింది. బస్సులో వాళ్ళు జ్వరమేమోనని సీటిచ్చారని తోడికోడలు చెప్పింది. ఆవిడ తన కోటు సంచిలోంచి తీయనే లేదు. "నేనిక్కడే కూర్చుంటానమ్మా, నాకు ఈ గాలి చాలు," అని కాపలావాడి కుర్చీలో కూలబడింది. ఫ్రిజ్జమ్మ మొగుడు కోటు చేతిమీద వేసుకొచ్చాడు, పెళ్ళాం మాట విని కాదు, ఉక్కపోతకి తట్టుకోలేక.

ముందుగదిలో తలుపు పక్కన చెక్కబోర్డు ఉంది. దానికి వరసగా మేకులు. లోపలికి వెళ్ళేవాళ్ళు తమ నంబరు బిళ్ల దానికి తగిలించి వెళ్ళాలి, బయటికి రాగానే తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ల ఉందంటే లోపల మనిషి ఉన్నట్టు. ఫ్రిజ్జమ్మ తన పద్నాలుగో నంబరు తగిలించి, వాళ్ళిద్దరికీ సూపర్వైజరిచ్చిన బిళ్లలు తగిలించింది. మొగుడి చేత మెడా చేతులూ తుడిపించి కోటు వేయించింది. బావగారికి తువ్వాలు అందిస్తే, "పద పద, టైము వేస్టు," అన్నాడు.

లోపలికెళ్ళాక మొదటి నిమిషం ఆయన ఉపన్యాసం సాగింది. "చూశావురా! ఏమీ లేదు. వట్టి ప్రచారం." రెండో నిమిషంలో ఫోను తీసి ఫోటోకి మొహం పెట్టాడు. ఆ చలికి ఫోను కాస్తా ఆరిపోయింది. మూడో నిమిషంలో మాట ఆగిపోయింది. లోపలి చెమట చల్లబడి చొక్కా వీపుకి అతుక్కుంది, మీసం మీద తడి తెల్లబడింది. నాలుగో నిమిషంలో కాలివేళ్ళు లేవన్నాడు. అయిదో నిమిషంలో తలుపు దగ్గరికి పరుగెత్తి పిడి పట్టుకుని గుంజడం మొదలెట్టాడు.

"బంధించేశారు! అమ్మాయ్! బంధించేశారు!"

ఫ్రిజ్జమ్మ వెళ్ళి ఒక్క వేలితో తలుపుని ముందుకి తోసింది. అది తెరుచుకుంది. లోపలినుంచి తోస్తే తెరుచుకునే తలుపది. యాత్రా నాయకుడు బయటపడ్డాడు.

మొగుడు మాత్రం వెళ్ళలేదు. అన్న వెనక పోబోయి, ఎందుకో ఆగాడు. ఫ్రిజ్జమ్మ అప్పటికే వరసల మధ్యకి వెళ్ళి తన పనిలో పడింది. వంగి తేదీ చూడటం, పెట్టె లాగడం, లేవడం, మళ్ళీ వంగడం. నడుం దగ్గర ఒకసారి చెయ్యి వేసుకుని, తీసేసి, మళ్ళీ వంగుతోంది. ఆ నడుంనొప్పి గురించి ఇంట్లో చెప్పినప్పుడల్లా "కాసేపు పడుకో, తగ్గుతుంది" అన్నది అతనే. ఒక పెట్టె అందుకోబోయాడు. చేతి తొడుగుల్లోంచి కూడా చలి సూదుల్లా దిగింది. పెట్టె జారి కిందపడింది.

"వదిలేయండి, నేను చూసుకుంటాను," అంది.

"రోజూ ఇంతేనా?"

"రోజుకి పన్నెండుసార్లు. ఇరవై నిమిషాలు లోపల, పది నిమిషాలు బయట."

గడియారంలో ఇరవై నిమిషాలూ అయ్యాక ఇద్దరూ బయటికొచ్చారు. రాగానే అతని కళ్ళజోడు అద్దాలు ఆవిరి పట్టి తెల్లగా మూసుకుపోయాయి. తీసి తుడవబోతే వేళ్ళు మాట వినలేదు. సూపర్వైజరు టీ అందిస్తే, కప్పు పట్టుకున్నానో లేదో తెలియక సగం చొక్కా మీద ఒలకబోసుకున్నాడు. ఫ్రిజ్జమ్మ ఆ కప్పు అందుకుని, పంతొమ్మిదేళ్ళుగా తను పట్టుకున్నట్టే, అతని రెండు అరచేతుల మధ్య పెట్టింది.

"మీకు అలవాటు లేదు కదా," అంది.

మొగుడు తలవంచి ఆ టీ తాగాడు.

బావగారు ఈలోగా కోటు విప్పేసి, భార్య ఇచ్చిన దుప్పటి కప్పుకుని, ఆవిడ ఖాళీ చేసిన కాపలావాడి కుర్చీలో సర్దుకున్నాడు. పోయిన ప్రాణం ఇలా తిరిగొచ్చిందో లేదో, నోరు కూడా తిరిగొచ్చింది. "యాత్ర ఆగదు," అని ప్రకటించాడు. "చిన్న మార్పు చేశాను. అక్కడ అద్దాల గది తీసుకుందాం, లోపల హీటరుంటుంది. మేం ముగ్గురం లోపలినుంచి చూస్తాం. బయట నిలబడి ఆ వెలుగుల్ని వీడియో తీసే పని అమ్మాయిది. నీకు అలవాటే కదా."

సూపర్వైజరు మీసాల చాటు నవ్వు కూడా ఆగిపోయింది. తోడికోడలు తన మొగుడివైపు, ముప్ఫయ్యేళ్ళలో ఎన్నడూ చూడనట్టుగా, అసహ్యంగా చూసింది. ఏం మనిషండీ! చెప్పు కాలి కిందది కాబట్టి దానికి రాయి గుచ్చుకోదనుకునే రకం.

ఫ్రిజ్జమ్మకి ఆశ్చర్యంగా కోపం రాలేదు. బోర్డు మీంచి తన బిళ్ల తీసుకుని జేబులో వేసుకుంది. తిన్నగా సూపర్వైజరు బల్ల దగ్గరికి వెళ్ళి, తన సెలవుచీటీ అడిగింది. వారం కిందట మొగుడే నింపి, ఆవిడ చేత సంతకం పెట్టించిన చీటీ అది. కారణం అన్నచోట అతని గుండ్రటి రాతలో 'కుటుంబంతో ఆర్కిటిక్ యాత్ర' అని ఉంది. ఆవిడ దాన్ని అడ్డంగా కొట్టేసి, పైన 'ఎండ' అని రాసింది. వేళ్ళు ఇంకా పూర్తిగా వంగడం లేదు, అక్షరాలు వంకరపోయాయి. కానీ చదవడానికి వీలుగానే ఉన్నాయి.

సూపర్వైజరు చదివాడు. "పద్దెనిమిదీనా?" అని మాత్రం అడిగాడు.

"పద్దెనిమిదీ."

ఆయన సంతకం పెట్టి ముద్ర వేశాడు. మొగుడు వెనకే వచ్చి నిలబడ్డాడు. ఆవిరి పోని అద్దాలు చేతిలోనే ఉన్నాయి. చీటీని కళ్ళ దగ్గరగా పెట్టుకుని ఆ ఒక్క మాటనీ చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీలోని దుప్పటి మూట వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"మరి అన్నయ్యకి ఏం చెప్పను?"

"నాకు చలి పడదని చెప్పండి," అంది.

పంతొమ్మిదేళ్ళలో ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు.