జిల్దా ఇంటి తలుపు
బ్రెజిల్ తీరాన మా ఊళ్లో సెయింట్ జాన్ పండుగకు ఎవరి నెగడు ఎత్తయితే ఆ ఏడాదంతా వాళ్లదే మాట. అదెర్బాల్‌కు ఆ పిచ్చి మరీ ఎక్కువ. పండుగ ముందురోజు నెగడు పుల్లల కోసం కత్తి పట్టుకుని జిల్దా ఇంటి వెనకున్న ఇసుక దిబ్బ ఎక్కాడు.

"ఆ పొదలు నరక్కురా తమ్ముడూ! వాటి వేళ్లు పట్టుకోబట్టే దిబ్బ కదలకుండా ఉంది. అవి పోతే ఇసకంతా నా నెత్తినే పడుద్ది," అని కింద నుంచి అరిచింది జిల్దా.

"ఇసక్కి కాళ్లొచ్చాయా ఏంటక్కా? మొగుడు పోయాక నీ నీడ చూసినా నీకు భయమే!"

అతను పొదలన్నీ నరుకుతుంటే జిల్దా ఇంట్లోకి వెళ్లిపోయింది. చిన్నప్పుడు ఇద్దరూ చేయీ చేయీ పట్టుకుని నెగడు దూకారు. అలా దూకినవాళ్లు అక్కాతమ్ముళ్ల కిందే లెక్క, చచ్చేదాకా తగువు పడకూడదు. ఆ కట్టుబాటు ఆడదానికే గుర్తుంటుంది కాబోలు!

ఆగస్టు గాలికి బోడి దిబ్బ కదిలింది. మొదటి ఏడు పెరట్లో జీడిమామిడి మునిగింది. రెండో ఏడు ఇసుక కిటికీ ఎక్కింది. మొగుడు కట్టిన ఇల్లు. దాన్ని నిలుపుకోవాలని రోజూ తట్టలతో ఎత్తిపోసి ఆమె నడుము పడిపోయింది. సాయానికి వస్తాడనుకున్న అదెర్బాల్ సుత్తి, ఉలి పట్టుకొచ్చి వీధి తలుపు ఊడదీశాడు.

"ఎలాగూ ఇసక పాలే కదక్కా. నా కొత్తింటికి సరిపోద్ది."

తలుపు లేని గడప దాటి ఇసుక తీరిగ్గా లోపలికొచ్చింది. నెల తిరక్కుండా ఇల్లు లేదు. జిల్దా చర్చి వెనక రేకుల షెడ్డులో చేరింది. ఎవరినీ తిట్టలేదు.

మరుసటి పండుగకు జిల్దానే అదెర్బాల్ కొత్తింటి ముందు ఊరు నోరెళ్లబెట్టేంత నెగడు పేర్చింది. పడిపోయిన నడుముతోనే మూడు రోజులు ఒక్కతే పుల్లలు మోసింది.

"చూశారా, మా అక్క మనసు వెన్న!" అంటూ అతను మొక్కజొన్న పాయసం గిన్నె ఆమె చేతిలో పెట్టాడు. పుల్లలు ఎక్కడివని అడగలేదు. తన ఇంటి వెనకున్న దిబ్బ వైపు ఒక్కసారి తల తిప్పితే తెలిసేది. అక్కడ ఒక్క పొద మిగల్లేదు. నేలమీద పాకే తీగలను కూడా ఆమె వేళ్లతో పెరికేసింది.

రెండేళ్ల తర్వాత ఆగస్టులో అదెర్బాల్ కిటికీ కింద ఇసుక ఎత్తిపోస్తున్నాడు. లోపల చంటిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది. జిల్దా వచ్చింది.

"సాయానికొచ్చావా అక్కా?"

"తలుపు కోసం వచ్చాను తమ్ముడూ. ఎలాగూ ఇసక పాలే కదా."

సుత్తి, ఉలి బయటికి తీసింది. ఆ తలుపు బిగించుకోవడానికి ఆమెకు గోడ లేదు. అయినా ఊడదీసింది.