ఆశ్రితుల గడి

"మే మోహనా, ఆ ఫారం సాయంత్రం అయిదులోపల పంపేయాల. నువ్వే నింపేసెయ్," అన్నాడు మునిప్రసాద్, సంగటి ముద్దను ఊరుబిండి పచ్చడిలో అద్దుకుంటూ. పలమనేరులో అతను పేరున్న విలేకరి. బైకు మీద ప్రెస్ అని ఎర్రటి అక్షరాలు. వార్తలు రాసేది మాత్రం భార్య మోహన. పెళ్లయినప్పటినుంచీ, అంట్లు తోమిన చేత్తోనే. సొమ్మొకడిది, సోకొకడిది.

ఆ ఫారం ఎక్కడో దూరదేశపు ప్రభుత్వం పెట్టింది. రాసినందుకు బెదిరింపులొచ్చిన విలేకరులు ఏ దేశంవాళ్లయినా సరే, కుటుంబంతో సహా ఆరు నెలలు తమ దగ్గర ఉంచుకుని కాపాడుతుందట. బెదిరింపు వచ్చిన మాట నిజమే. పాలకేంద్రంలో ఆడవాళ్లు పోసే పాలకు వెన్నశాతం తగ్గించి చూపిస్తున్నారని వార్త పడ్డ రోజు, యజమాని ఢిల్లీబాబు మనుషులు నలుగురు ఇంటి మీదికొచ్చారు. "యాడమ్మా మీ ఆయన? చేతులుండాలంటే రాసేది మానుకోమను." తలుపు తీసి వాళ్ల ముందు నిలబడింది మోహన. మునిప్రసాద్ దూరిన స్నానాలగదిలో నీళ్ల చప్పుడు వాళ్లు పోయేదాకా ఆగలేదు. ఆనక అత్త వరదమ్మ కొడుక్కి దిష్టి తీసి, "ఎంత గుండెధైర్యం నా బిడ్డకి! నువ్వేమో వణికిపోతా ఉండావు," అంది.

మోహన ఫోన్లో ఫారం తెరిచింది. దరఖాస్తుదారు: మునిప్రసాద్. ఆ కింద ఆశ్రితులట, అంటే అతని మీద ఆధారపడి బతికేవాళ్లు. వరదమ్మ పేరు టైపు కొట్టింది. తన పేరూ కొట్టుకుంది, రోజూ బియ్యం కడిగినంత మామూలుగా. తర్వాతి ప్రశ్న దగ్గర వేలు ఆగింది.

"ఈ వార్త ఎట్ల సేకరించినారని అడుగుతుండారు. ఏం రాయాల?"

"ఏముండాది, పోయి అడిగినామని రాయి."

"యాడికి పోయినారు? ఎవుర్ని అడిగినారు?"

"నీకు తెల్సు గదా, రాయి. నా పేరుతో పడబట్టే దానికా విలువ. ఆడదాని పేరు సూస్తే ఎవుడు బెదురుతాడు?" చెయ్యి కడుక్కుని బైకెక్కాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వారం రోజులు తెల్లారకముందే పాలకేంద్రం వరుసలో నిలబడింది ఎవరు? పక్కింటి అఖ్సాను ఒప్పించి, ఒకే ఆవు పాలను రెండు క్యాన్లలో సగంసగం పోయించింది ఎవరు? ఒకటి అఖ్సా పట్టుకెళ్లింది, ఒకటి ఆమె మొగుడు తౌసిఫ్. అతని పాలకు మిషను వెన్నశాతం నాలుగున్నర చూపింది, ఆమె పాలకు మూడున్నర. అవే పాలు! మగవాడు పోస్తే చిక్కన, ఆడది పోస్తే పల్చన. ఆ మోసాన్ని ఊరికంతా చాటి చెప్పి, ఇంట్లో అదే మోసానికి తన చేత్తోనే అక్షరాలు దిద్దుతోంది. థూ, ఏం బతుకిది!

మొదటి గడిలో పేరు చెరిపేసి మోహన అని కొట్టింది. రెండు క్యాన్ల సంగతి పొల్లుపోకుండా రాసింది. ఆశ్రితుల్లోంచి తన పేరు తీసేసి అత్తను మాత్రం ఉంచింది, ముసలామె ఏం పాపం చేసిందని. మునిప్రసాద్‌ను ఎక్కడ పెట్టాలో తోచలేదు.

చివరి ప్రశ్న: మీ రాతకు అడ్డుపడిందెవరు? రెండు వరుసలు ఇచ్చారు.

మొదటిదాంట్లో ఢిల్లీబాబు అని కొట్టింది. రెండోదాంట్లో మొగుడి పేరు కొట్టి పంపేసింది.